తమ్ముడు నోరు విప్పని మధ్యాహ్నం

తమ్ముడు పోయినప్పటి నుంచి ఇంటికి మనుషులు వస్తూనే ఉన్నారు. కూర్చుంటారు, మంచినీళ్ళు తాగుతారు, కాసేపటికి ఫాదర్ గారు మాకు ఫలానా పని చేసి పెట్టారని మొదలుపెడతారు. ఒకరికి ఉద్యోగం ఇప్పించాడు. ఒకరిని ఆసుపత్రిలో చేర్పించాడు. ఒకరి పెళ్ళికి అడ్డం తిరిగిన మేనమామను కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాడు. నేను తల ఊపుతూ వింటాను. అన్నీ నిజాలే. కానీ ఒక పని చేయకుండా ఉండటానికి వాడు పడిన అవస్థ నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తుకు వస్తోంది. దాని గురించి చెప్పేవాళ్ళు ఎవరూ రావడం లేదు కనుక నేనే రాస్తున్నాను.

అందరూ ఫాదర్ గారు అంటుంటే నేను వాడు అనడం కొందరికి ఎబ్బెట్టుగా ఉండేది. ఏం చేయను, నా చంకన పెరిగినవాడు. చిన్నప్పుడు వాడికి ఒకటే రోగం, మాట్లాడటం. కాసేపైనా ఊరుకుంటాడని అమ్మ వాడి నోట్లో పంచదార పోసేది. అది నములుతూ కూడా మాట్లాడేవాడు. చర్చిలో గురువు అవుతానని వాడు చెప్పిన రోజు నాన్న, "పోనీలే, వీడి మాటలు వినడానికి ఆదివారం ఆదివారం మనుషులు కట్టుబడి కూర్చుంటారు" అన్నాడు.

వాడికి ఇచ్చిన విచారణ, అంటే వాడి చర్చి కిందికి వచ్చే పేట, కార్ఖానాల మధ్య ఉండేది. గుడికి ఒక పక్క రంపపు మిల్లు, ఇంకో పక్క పెద్ద లాండ్రీ, ఎదురుగా రొట్టెల బట్టీ. బడి మధ్యలో వదిలేసి పనిలో చేరిన పిల్లలు వాటి నిండా ఉండేవాళ్ళు. వాళ్ళ కోసం తమ్ముడు ఆదివారం మధ్యాహ్నాలు ఒక కూటం మొదలుపెట్టాడు. వేరే చోటు లేక నేను పాఠాలు చెప్పే బడిలో మూడో తరగతి గది తీసుకున్నాడు. తాళంచెవి నా దగ్గర ఉండేది కాబట్టి నేనూ ఉండేదాన్ని. చిన్నపిల్లల బెంచీలు అవి. బండెడు పని చేసే ఒళ్ళు వాటి మీద ఇమిడేవి కాదు. మోకాళ్ళు గడ్డాలకు తగులుతుంటే, ముందు బెంచీవాడి వీపు మీద తల ఆన్చుకుని కూర్చునేవాళ్ళు.

ఆ కూటానికి ఒక పద్ధతి ఉండేది. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ ఆ వారం తమ పనిచోట చూసింది చెప్పాలి. విన్నది కాదు, కళ్ళతో చూసింది. తర్వాత అందరూ కలిసి దాన్ని తూచాలి, ఇది న్యాయమేనా, ఇలాగే ఉండాలా అని. ఆ తర్వాత దాని గురించి ఏం చేయాలో, ఎవరు చేయాలో అనుకోవాలి. చూడటం, తూచడం, చేయడం. తమ్ముడు తలుపు పక్కన ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. అందరి వంతూ అయ్యేవరకు వాడు మాట్లాడకూడదు. ఆ నియమం వాడు పెట్టుకున్నదే. మొదటి రోజుల్లో వాడి పెదవులు కదులుతుంటే పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయేవారు.

కూటానికి పెద్ద, రొట్టెల బట్టీలో పనిచేసే ఒక కుర్రాడు. తెల్లవారకముందే పిండి పిసికే ఉద్యోగం కనుక మధ్యాహ్నానికి కళ్ళు మూతలు పడేవి. అందరూ వాడిని నిద్రమొహం అనేవారు. గోడకు జారగిలబడి గురక పెట్టేవాడు కానీ ఎవరు ఏం చెప్పారో మాట పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు.

"ఒరేయ్ నిద్రమొహం, వింటున్నావా?" అని ఎవరైనా కదిపితే, "చెవులకు రెప్పలుండవు, నువ్వు కానియ్" అనేవాడు కళ్ళు తెరవకుండా.

ఇక పిచ్చుక. లాండ్రీలో ఇస్త్రీ చేసే పిల్ల. సన్నటి గొంతు, అదీ సగం లోపలే ఉండిపోయేది. కూటానికి వచ్చిన కొత్తలో తన వంతు వస్తే "ఏం లేదండీ" అని కూర్చునేది. చాలా ఆదివారాలు అదే మాట. ఒక ఆదివారం మాత్రం లేచి నిలబడింది. నేల చూస్తూ చెప్పింది.

"మా హాల్లో ఒకామె కళ్ళు తిరిగి పడిపోయింది. ఇస్త్రీ పెట్టె దుప్పటి మీదే ఉండిపోయింది. దుప్పటి కాలింది. మేస్త్రీ వచ్చి ముందు దుప్పటి తీసి చూశాడు."

ఆమె కూర్చుంది. నిద్రమొహం కళ్ళు తెరిచాడు.

ఆ లాండ్రీకి ఆసుపత్రుల నుంచి, హోటళ్ళ నుంచి దుప్పట్లు, తువ్వాళ్ళు వచ్చేవి. కింద ఉతుకు, పైన ఇస్త్రీ. పై హాల్లో రెండు వరసల బల్లలు, వాటి ముందు ఆడపిల్లలు, పొద్దస్తమానం ఆవిరి. కిటికీలు ఉన్నాయి, కానీ చెక్కలకు మేకులు కొట్టి మూసేశారు. బాయిలరు పొగగొట్టం నుంచి మసి నుసిలా వచ్చి తెల్లబట్టల మీద పడుతుందని.

పిల్లలు పద్ధతి ప్రకారమే వెళ్ళారు. ఎప్పుడెప్పుడు ఎవరికి కళ్ళు తిరుగుతున్నాయో పిచ్చుక చూసి చెప్పేది. అందరూ తూచారు. మేస్త్రీ చెడ్డవాడేం కాదు, వాడికి పైనుంచి తిట్లు పడతాయి. యజమాని పై హాల్లోకి ఎప్పుడో గాని రాడు. కాబట్టి యజమానికే నేరుగా చెప్పాలి. ఎవరు చెప్పాలి అన్నప్పుడు తలలన్నీ నిద్రమొహం వైపు తిరిగాయి.

"నేను పిండి పిసుక్కునేవాణ్ణి. నాకెందుకు చెప్పు ఇస్త్రీ గొడవ?" అన్నాడు వాడు. "చూసినవాళ్ళే చెప్పాలి."

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. ఆ వారమంతా ఊపుతూనే ఉంది. తర్వాతి ఆదివారం వచ్చి, "చిన్నప్పటి నుంచి అందరూ నాకు నోరు లేదనే అంటారు. ఈ ఒక్కసారి చెప్పి చూస్తాను" అంది.

ఇక రిహార్సల్స్. నిద్రమొహం యజమాని అయ్యాడు. చొక్కా లోపల నా చేతిసంచీ కుక్కి బొజ్జ చేసుకుని, నా కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు.

"ఏమ్మా, ఏం కావాలి? తొందరగా చెప్పు, నాకు అవతల భోజనం చల్లారిపోతోంది."

"సార్, మా హాల్లో కిటికీలు..."

"వినపడటం లేదు. నాకు ఒక చెవిలో డబ్బు గలగల, ఇంకో చెవిలో మా ఆవిడ."

పిచ్చుక నవ్వేసేది. నవ్వితే మాట మరిచిపోయేది. మళ్ళీ మొదటి నుంచి. ఇలా కొన్ని వారాలు జరిగింది. ఆ పిల్ల గొంతు కొద్దికొద్దిగా ముందు బెంచీ దాటి, తర్వాత నడిమి బెంచీ దాటి, చివరికి తలుపు పక్కన కూర్చున్న తమ్ముడి దాకా చేరింది. వాడు ముక్కాలిపీట మీద చేతులు కట్టుకుని, తన బిడ్డ మొదటి అడుగు వేస్తుంటే చూసే తండ్రిలా చూసేవాడు. సోమవారం వెళ్ళి చెప్పాలని ఖాయం చేసుకున్నారు.

ఆ సోమవారానికి ముందు ఆదివారం తమ్ముడు పని చెడగొట్టాడు.

లాండ్రీ యజమాని భక్తిపరుడు. బలిపీఠం మీద పరిచే గుడ్డలు తన లాండ్రీలోనే ఉతికించి, మడత నలగకుండా స్వయంగా తెచ్చి ఇచ్చేవాడు. ఆ రోజు పూజ అయ్యాక తమ్ముడు వస్త్రాలు మార్చుకుంటుంటే ఆయన గుడ్డల కట్టతో లోపలికి వచ్చాడు. "ఫాదర్, నాతో ఏదైనా పని ఉంటే మొహమాటపడకుండా చెప్పండి" అన్నాడు. రోజూ అనే మాటే. తమ్ముడు అంగీ తల మీదుగా తీస్తూ, లోపలి నుంచే, "మీ ఇస్త్రీ హాల్లో ఆ కిటికీలు కాస్త తెరిపించకూడదూ, పాపం ఆడపిల్లలు ఉడికిపోతున్నారు" అనేశాడు. "అంతేనా ఫాదర్, రేపు పొద్దున్నే మేకులు పీకిస్తాను" అన్నాడాయన.

వాడు ఒక్క పరుగున మా ఇంటికి వచ్చాడు. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను.

"అక్కా, కిటికీలు తెరుస్తున్నారు. రేపే."

"ఎవరు అడిగారు?" అన్నాను.

వాడి ముఖంలో సంతోషం అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నోరు జారింది అక్కా" అన్నాడు.

మధ్యాహ్నం కూటంలో చెప్పక తప్పలేదు. ఈసారి నియమం పక్కన పెట్టి వాడే ముందు మాట్లాడాడు. కొందరు చప్పట్లు కొట్టారు. కొట్టరూ మరి, కిటికీలు తెరుచుకుంటున్నాయి కదా. పిచ్చుక కొట్టలేదు. లేచి నిలబడి, "మరి రేపు నేను వెళ్ళి ఏం అడగాలి?" అంది.

"ఇంక వెళ్ళనక్కర్లేదమ్మా. పని అయిపోయింది" అన్నాడు తమ్ముడు.

"సరేనండీ" అంది. ఆ మాట ముందు బెంచీ కూడా దాటలేదు. కూటం అయ్యేదాకా కూర్చుంది, అందరితో పాటు ప్రార్థన చెప్పింది, వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

తమ్ముడికి అన్నం సయించలేదు. బస్సులు ఆగే మలుపులో పిచ్చుక తల్లి కూరగాయలు అమ్మేది. నాకూ తీసుకోవాల్సినవి ఉన్నాయన్న నెపంతో నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆమె మమ్మల్ని చూడగానే తడిచేతులు కొంగుకు తుడుచుకుని లేచింది.

"ఫాదర్ గారూ, మీరు నడిచి రావడం ఎందుకండీ, కబురు పెడితే నేనే వచ్చేదాన్ని కదా. మా పిల్ల విషయంలో మీ మేలు మరిచిపోలేను."

"నేనేం చేశానమ్మా?"

"ఇంకేం చేయాలండీ. అది నోట్లో నాలుక లేని పిల్ల. నెల రోజులు ఇదే గోల మా ఇంట్లో. పొద్దున నేను బుట్టలు సర్దుకుంటుంటే వాటి ముందు నిలబడి 'సార్, సార్' అంటూ అప్పజెప్పుకునేది. వంకాయలకు చెప్పేది, గుమ్మడికాయకు చెప్పేది. గుమ్మడికాయే యజమానట. నాకు ఒకటే భయం, అక్కడికి వెళ్ళి నీళ్ళు నములుతుందో, ఉద్యోగం ఊడగొట్టుకుంటుందో అని. మీరు ఒక్క మాటతో తేల్చేశారు. ఇప్పుడు మా పిల్ల హాయిగా నోరు మూసుకుని పనికి పోతోంది."

ఆమె కృతజ్ఞతతో చెప్పింది. ప్రతి మాటా వాడికి చెంపదెబ్బలా తగలడం నేను పక్కనుంచి చూశాను. నేను ఎంత వద్దన్నా ఆమె సంచీలో నాలుగు టమాటాలు ఎక్కువ వేసింది.

దారిలో వాడు, "ఇంటికి వెళ్ళి ఆ పిల్లకు క్షమాపణ చెబుతాను" అన్నాడు.

"చెప్పి?"

"మళ్ళీ రమ్మంటాను."

"అదీ నువ్వే చేస్తావన్నమాట."

వాడు ఆగి నా వైపు చూశాడు. నేను అన్నాను: "నా తరగతిలో ఒక పిల్ల పలక మీద లెక్క చేసుకుంటుంటే పక్కనుంచి జవాబు అరిచేవాడు ఒకడు ఉంటాడు. మంచివాడే. ప్రేమతోనే చెబుతాడు. అయినా వాడిని గది బయట నిలబెడతాను."

"అయితే నిలబెట్టు" అన్నాడు తమ్ముడు.

ఆ ఆదివారం వాడు ముక్కాలిపీట మీద కూర్చోలేదు. అందరిలాగే చిన్న బెంచీలో, అంగీ మోకాళ్ళ దాకా లాక్కుని ఇరుక్కుని కూర్చున్నాడు. తన వంతు వచ్చినప్పుడు లేచి, "ఈ వారం నేను చూసింది చెబుతాను. ఒక గురువు, తన దగ్గర ఉన్న ఒక పిల్ల కష్టపడి కూడగట్టుకున్న ధైర్యాన్ని, వస్త్రాలు మార్చుకుంటూ మార్చుకుంటూ తీసేసుకున్నాడు. తూచండి" అని కూర్చున్నాడు.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు వాడంటే ప్రాణం. రంపపు మిల్లు కుర్రాడు, "పోనీలెండి ఫాదర్, మంచికే కదా" అన్నాడు.

"మంచికేరా. కానీ ఫాదర్ మనకు జీతం లేని మేస్త్రీ అయిపోయారు" అన్నాడు నిద్రమొహం, కళ్ళు మూసుకునే.

అందరూ తమ్ముడి వైపు చూశారు. తమ్ముడే ముందు నవ్వాడు. ఆ నవ్వులో చాలా ఉంది.

"ఒప్పుకున్నాను. ఇప్పుడు నన్ను ఏం చేయమంటారు?"

"ఏమీ చేయకండి."

"ఏమీ చేయకపోవడమా?"

"అదే ఫాదర్. దానికంటే కష్టమైన పని మీకు చెప్పలేం."

వాడు ఆ మాట నిలబెట్టుకున్నాడు. పిచ్చుక ఇంటి వైపు వెళ్ళలేదు, ఎవరితోనూ కబురు పెట్టలేదు. గుడిలో ఆ పిల్ల కనిపిస్తే తల పంకించి ఊరుకునేవాడు. మా ఇంటికి వచ్చి కూర్చుని గోళ్ళు కొరుక్కునేవాడు.

ఇంతలో గాలి తిరిగింది. తెరిచిన కిటికీల్లోంచి మసి నేరుగా హాల్లోకి వచ్చింది. ఒక హోటలువాళ్ళు దుప్పట్లు తిప్పి పంపారు. మర్నాడే మేస్త్రీ సుత్తి తీసుకుని మేకులు మళ్ళీ కొట్టేశాడు. ఫాదర్ గారు అడిగారని తెరిచాం, ఇప్పుడు ఎందుకు మూశామో ఆయనకు చెప్పుకోవడానికి కారణం ఉంది అన్నాడట యజమాని. ఒకరి మాట మీద వచ్చిన గాలి ఇంకొకరి మాట మీద పోయింది.

ఆ ఆదివారం మూడో తరగతి గుమ్మంలో పిచ్చుక నిలబడింది. లోపలికి రాలేదు.

"మళ్ళీ మూసేశారు" అంది. "ఈసారి నేనే అడుగుతాను. మా హాలు వాళ్ళు ఇద్దరు నాతో వస్తామన్నారు. ఫాదర్ గారు మాత్రం వద్దు."

తమ్ముడు నోరు తెరిచాడు, మూశాడు. రెండు చేతులూ జోడించాడు, అంతే. ఆ పిల్ల వెళ్ళిపోయింది. ఆమె అడగలేకపోతే ఇంక ఎప్పటికీ అడగదని మా అందరికీ తెలుసు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం బడి వదిలే వేళకు లాండ్రీ వ్యాను మా గేటు ముందు ఆగింది. ముందు సీట్లో తమ్ముడు ఉన్నాడు. ముఖం కంగారుగా ఉంది. దిగి వచ్చి నా చేతిలో పుస్తకాలు తీసుకుని అరుగు మీద పెట్టాడు.

"పిచ్చుక వాళ్ళు యజమాని గదిలో ఉన్నారట. ఆయన వెంటనే రమ్మని వ్యాను పంపించాడు. వెళ్ళకపోతే ఆయన వాళ్ళను గెంటేస్తాడేమో. వెళితే నేను మాట్లాడేస్తానేమో. అక్కా, నువ్వూ రా. నేను నోరు విప్పితే కాలు తొక్కు."

"గట్టిగానా?"

"చిన్నప్పుడు తొక్కినట్లే."

మేం వెళ్ళేసరికి యజమాని చెమట తుడుచుకుంటున్నాడు. ఆయన గది ఇస్త్రీ హాలుకు ఆనుకునే ఉంది, మధ్యలో అద్దపు తలుపు. అద్దానికి అటు వైపు ఆవిరి పట్టి, హాల్లో పిల్లలు నీళ్ళలో కదులుతున్నట్లు కనిపించారు. పెట్టెలు ఆపి అందరూ ఇటే చూస్తున్నారు. బల్ల ముందు పిచ్చుక, ఆమె వెనక ఇద్దరు పెద్ద వయసు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. తలుపు దగ్గర మేస్త్రీ.

పిచ్చుక మమ్మల్ని చూసింది. ఆ పిల్ల ముఖం వాడిపోయింది. మళ్ళీ వచ్చారా అన్నట్లు.

"రండి ఫాదర్, రండి టీచరు గారూ. ఒరేయ్, కుర్చీలు వేయండి" అన్నాడు యజమాని. "చూడండి, మీ మాట కాదనలేక తెరిపించానా, ఎంత నష్టం వచ్చిందో చూశారుగా. ఇప్పుడు వీళ్ళు వచ్చి నిలబడ్డారు. నాకు ఈ పంచాయితీ వద్దు. మీరు ఒక్క మాట చెప్పండి. తెరవమంటే తెరుస్తాను, మూయమంటే మూస్తాను. అయిపోతుంది."

తమ్ముడు కూర్చోలేదు. "నన్ను అడగకండి. నేను ఇక్కడ ఇస్త్రీ చేయను" అన్నాడు.

"మరి ఎందుకు వచ్చారు?"

"మీరు వ్యాను పంపారని."

మేస్త్రీ దగ్గాడు. అది నవ్వేనని నాకు అర్థమైంది. యజమాని పిచ్చుక వైపు తిరిగాడు. "సరే, చెప్పమ్మా. ఏమిటి మీ బాధ?"

"సార్" అంది పిచ్చుక.

తర్వాత ఏమీ రాలేదు. చేతులు ముందుకు కట్టుకుని నిలబడింది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఆ గదిలో గోడగడియారం ఉందని నాకు అప్పుడే తెలిసింది. తమ్ముడు ఊపిరి పీల్చుకోవడం విని నా చెప్పు వాడి చెప్పు మీద పెట్టాను. వాడు ఊపిరి వదిలాడు.

"చెప్పమ్మా, అవతల పని ఆగిపోయింది" అన్నాడు మేస్త్రీ. కసురుకోలేదు, పాపం, సాయం చేద్దామనే అన్నాడు. దాంతో ఉన్న కాస్త ధైర్యమూ పోయినట్లుంది. ఆ పిల్ల తల తిప్పి తమ్ముడి వైపు చూసింది. ఇందాకటి చూపు కాదు. మీరే చెప్పేయండి అని బతిమాలుతున్న చూపు.

అప్పుడు నేను గట్టిగానే తొక్కాను. నిజానికి తొక్కాల్సిన పని లేకపోయింది. వాడు నేల మీద చూపు నిలిపి, పళ్ళు బిగించుకుని, ఏదో బరువు మోస్తున్నవాడిలా నిలబడ్డాడు. మెడ నరాలు కనిపించాయి. ప్రసంగం మొదలుపెడితే గడియారం చూసుకోని మనిషి, ఒక్క మాట అంటే పని అయిపోయే చోట, నోరు విప్పలేదు. వాడి కంటి చివర తడి నేను చూశాను. ఆ పిల్లా చూసి ఉండాలి.

ఇంక ఎటు వైపు నుంచీ సాయం రాదని ఆమెకు తెలిసింది. యజమాని వైపు తిరిగింది.

"సార్, మొన్న మీరు కిటికీలు తెరిపించినప్పుడు మమ్మల్ని అడగలేదు. మొన్న మూసినప్పుడూ అడగలేదు. మసి ఏ పూట ఎటు వైపు నుంచి వస్తుందో అక్కడ నిలబడేవాళ్ళకు తెలుస్తుంది కదా. అటు వైపు మూసుకుంటాం, ఇటు తెరుచుకుంటాం. కానీ మేస్త్రీ గారు చెప్పనిదే బల్ల వదిలి కిటికీ దాకా వెళ్ళకూడదు మేము. కళ్ళు తిరుగుతున్నా వెళ్ళకూడదు. కిటికీ రెక్క మా చేతికి వదిలేయండి సార్. అంతే."

ఆదివారాలు మా గదిలో వల్లె వేసిన మాటలు ఇవి కావు. అందులో 'దయచేసి' ఉండేది, 'మా పరిస్థితి గమనించి' ఉండేది. అవన్నీ ఎటో పోయాయి.

యజమాని అలవాటు కొద్దీ తమ్ముడి వైపు చూశాడు. వాడు ఇంకా నేలనే చూస్తున్నాడు. ఆయన చేసేది లేక మళ్ళీ ఆ పిల్లనే చూశాడు.

"ఎవరు చూసుకుంటారు ఇదంతా?"

"నేను."

"నువ్వా?"

"నేనే సార్. వీళ్ళూ చూస్తారు."

వెనక ఉన్న ఇద్దరూ తలలు ఊపారు. వాళ్ళలో పెద్దామె మేస్త్రీతో, "నువ్వు బయటికెళ్ళి బీడీ కాల్చుకొచ్చే పాటి సేపు చాలు నాయనా మాకు" అంది. మేస్త్రీ ఎటో చూశాడు.

యజమాని బల్ల మీద వేళ్ళతో కొట్టాడు. "ఒక నెల చూస్తాను. బట్టల మీద మరకలు పడ్డాయో, మేకులు కొట్టేస్తాను. అప్పుడు మళ్ళీ వచ్చి నిలబడకూడదు."

"పడితే ఎందుకు పడ్డాయో చెప్పడానికి వస్తాను సార్."

ఆయన ఏదో అనబోయి, ఆపుకోలేక నవ్వాడు. "ఫాదర్, ఈ పిల్ల మాట్లాడదని కదా అందరూ అన్నారు" అన్నాడు. తమ్ముడు దానికీ బదులు చెప్పలేదు. అప్పటికి నేను కాలు తీసేశాను కూడా.

మేం బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడ్డాం. తమ్ముడు గోడకు ఆనుకున్నాడు. పై అంతస్తులో మేకులు పీకుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి పిచ్చుక మెట్లు దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. నుదురంతా చెమట.

"మీరు రావద్దన్నాను కదా ఫాదర్" అంది.

"తప్పయింది. వ్యాను పంపించారు."

"మీ వైపు చూసినప్పుడు మీరు చెప్పేస్తారనుకున్నాను."

తమ్ముడు తల ఊపాడు. ఇంకా మాట్లాడటానికి భయపడుతున్నట్లున్నాడు. ఆ పిల్ల వాడి ముఖంలోకి చూసి, మొదటిసారిగా వాడి మీద జాలిపడ్డట్టు, "చాలా కష్టపడ్డారు కదా" అంది. వాడు ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని నవ్వాడు. నవ్వో కాదో నేను చూడలేదు.

"ఆదివారం వస్తావామ్మా?" అని నేనే అడిగాను.

"వస్తాను టీచర్. నా వంతు ఉంది కదా, చెప్పాలి." వెళ్ళబోయి ఆగింది. "ఫాదర్, మా అమ్మకు మాత్రం మీరు చెప్పొద్దు. పని దిగాక నేనే వెళ్ళి చెబుతాను."

"చెప్పను" అన్నాడు తమ్ముడు. "ఒట్టు."

ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది. మా ఇంటికి దగ్గరి దారి బస్సులు ఆగే మలుపు మీదుగానే. వాడు నాలుగడుగులు అటు వేసి ఆగిపోయాడు.

"అటు వద్దక్కా. ఆవిడ కనిపిస్తే నా ముఖం చూసి కనిపెట్టేస్తుంది. వెనక నుంచి పోదాం."

వెనక దారి అంటే రంపపు మిల్లు గోడ వెంట చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఎండ ఇంకా తగ్గలేదు, నా పుస్తకాలు బడి అరుగు మీదే ఉండిపోయాయి. సరే పద అన్నాను. గోడ మలుపు తిరిగామో లేదో వాడు మొదలుపెట్టాడు. ఆ పిల్ల నిలబడిన తీరు, యజమాని వేళ్ళు, పెద్దామె బీడీ మాట, తన గుండె కొట్టుకున్న చప్పుడు, ఏదీ వదల్లేదు. చెప్పిందే మళ్ళీ చెప్పాడు. నేను ఊఁ కొడుతూ నడిచాను. ఇల్లు వచ్చినా ఇంకా అయిపోలేదు. ఇద్దరం గేటు దగ్గరే నిలబడిపోయాం.